ముత్తాత చావును నమ్మని మనిషి

పోయిన నెల వడగళ్ళు పడి మా ఇంటి కప్పు దెబ్బతింది. ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన మనిషి నిచ్చెన వేసుకుని పైకెక్కి, ఫోటోలు తీసుకుని, దిగి వచ్చి, చేతులు దులుపుకుంటూ నన్నడిగాడు.

"మొదట ఎప్పుడు గమనించారు?"

నేను జవాబు చెప్పకుండా అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయాను. నాకు ప్రశ్న అర్థం కాలేదనుకుని, ఈసారి ఒక్కో మాటా విడదీసి మళ్ళీ అడిగాడు. అర్థం కాకపోవడమేమీ లేదు. ఆ ప్రశ్న నేను కొన్నేళ్ళపాటు విన్నాను. మాకు రెండిళ్ళ అవతల ఉండే ఆవిడ దేని గురించైనా ముందు అదే అడిగేది. మా అమ్మాయికి జలుబు చేసిందంటే అదే అడిగేది. మా ఆయనకి జుట్టు పలచబడుతోందంటే అదే అడిగేది. ఆవిడ పోయి రెండేళ్ళు కావస్తోంది.

నార్త్ కరోలినాలోని క్యారీలో మేం ఇల్లు కొనుక్కుని దిగిన వారంలో వీధిలోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పలకరించారు. ఒకరు కేక్ తెచ్చారు, ఒకరు పూలకుండీ తెచ్చారు. ఆవిడ ఖాళీ చేతులతో వచ్చి గుమ్మంలోనే నిలబడి, మా ఇంటి చూరు గొట్టం వాలు తప్పుగా ఉందని చెప్పింది.

"వాన నీళ్ళు గోడలోకి దిగుతాయి. అప్పుడు మీరు ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేస్తారు. వాళ్ళు డబ్బివ్వరు. సరిగ్గా చూసుకోకపోవడం మీ తప్పంటారు."

"మీకెలా తెలుసండీ?"

"ముప్పై ఏళ్ళు అలా అన్నది నేనే."

ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు నిజమో కాదో తేల్చే ఇన్వెస్టిగేటర్‌గా పనిచేసి రిటైరైంది. పెన్సిల్వేనియా మనిషి, ఉద్యోగం కోసం ఇటు వచ్చి ఇక్కడే ఉండిపోయింది. పొడుగ్గా, సన్నగా ఉండేది. తెల్లజుట్టు తనే కత్తిరించుకునేది, ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలిసేది. చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిల్. పెళ్ళయిందా అని ఒకసారి నేనే అడిగాను.

"కొంతకాలం. జరిగినదానికంటే ఎక్కువ క్లెయిమ్ చేసేవాడు" అంది.

పిల్లలు లేరు. ఒహాయోలో ఒక తమ్ముడు, అతని సంసారం. అంతే.

నా పేరు శైలజ అని చెబితే "షీలా" అంది. ఐరిష్ పేరే అని సంతోషించింది. ఆవిడ పూర్వులు ఐర్లండ్ నుంచి వచ్చారట.

"ఐరిష్ కాదండీ. శైలజ. కొండకి పుట్టినది అని అర్థం."

"ఐర్లండ్‌లోనూ కొండలున్నాయి" అంది. చివరిదాకా షీలా అనే పిలిచింది.

ఎవరైనా ఏదైనా చెబుతుంటే ఆవిడ కళ్ళజోడు తీసి, మడవకుండా, చెప్పే మనిషి వైపు తిప్పి బల్లమీద పెట్టేది. ఆ తర్వాత మాట్లాడేది కాదు. మాట్లాడకపోవడమే తన ఉద్యోగమని చెప్పేది. ఎదుటి మనిషి ఊరుకుంటే జనం భరించలేరట, ఏదో ఒకటి చెప్పేస్తారట. నేను నమ్మలేదు. ఒక శనివారం మా ఆయన ఆవిడ ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు. ఆవిడ కళ్ళజోడు తీసి పెట్టింది. కాసేపటికి మా ఆయన, ఎవరూ అడగకుండానే, గుడి పార్కింగ్‌లో కొత్త కారుకి గీత పడేసింది తనేనని చెప్పేశాడు. అప్పటిదాకా నాకు వేరే కథ చెప్పి ఉన్నాడు.

ఆవిడ దగ్గర ఇంకో సూత్రం ఉండేది. నిజంగా దెబ్బతిన్నవాళ్ళకి వివరాలు గుర్తుండవు, అబద్ధం చెప్పేవాళ్ళకి ఆ రోజు వాతావరణం కూడా గుర్తుంటుంది అనేది. "వాన పడుతోందండీ, సన్నగా, అని మొదలుపెట్టారంటే నేను పెన్సిల్ కింద పెట్టేస్తాను."

ఆ తర్వాతి ఏడాది నా ఉద్యోగం పోయింది. మా టీమ్ మొత్తం ఒకే వీడియో కాల్‌లో పోయింది. నా హెచ్‌వన్ వీసా కూడా దాంతో పోయి, మా ఆయన వీసా మీద డిపెండెంట్‌నయ్యాను. పనిచేయడానికి పర్మిషన్ లేదు. అమ్మాయిని స్కూలుకి పంపి ఇంట్లో కూర్చునేదాన్ని. సంగతి తెలిసి ఆవిడ వచ్చింది. ఓదారుస్తుందేమోనని భయపడ్డాను. ఆ పని చేయలేదు.

"మొదట ఎప్పుడు గమనించావు?"

"పొద్దున. కాల్‌లో."

"లేదు. ముందే గమనించి ఉంటావు."

ఆలోచిస్తే నిజమే. అంతకు కొన్ని వారాల ముందు నుంచి మా మేనేజర్ నన్ను ఏ పని ఎప్పటికవుతుందని అడగడం మానేశాడు.

"అసలు నువ్వు చేసే పనేమిటి?"

"సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మిగతావాళ్ళు బాగుందని చెప్పిన ప్రోగ్రామ్ ఎక్కడ బాగాలేదో చూపించడం."

ఆవిడ నన్ను మొదటిసారి మనిషిని చూసినట్టు చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. వాళ్ళ ముత్తాత గురించి చెప్పింది ఆరోజే.

ముత్తాత వయసులో ఉండగా ఐర్లండ్ నుంచి ఓడెక్కి వచ్చి పెన్సిల్వేనియా బొగ్గుగనుల్లో చేరాడు. అక్కడే ఐర్లండ్ పిల్లని చేసుకున్నాడు. పిల్లలు పుట్టారు. ఒకరోజు గనిలోకి నీళ్ళు తన్నుకొచ్చాయి. లోపల బొగ్గు బండ్లకి తలుపులు తీసే పనిలో ఉన్న చిన్న కుర్రాళ్ళని ఆయన ముగ్గుర్ని పైకి తెచ్చాడు. నాలుగోవాడి కోసం మళ్ళీ దిగాడు. తిరిగి రాలేదు. ముత్తవ్వ చంటివాణ్ణి చంకనేసుకుని గని ముఖం దగ్గర నిలబడి చూస్తూ ఉంది. మంచు కురుస్తోంది.

కుటుంబంలో అందరికీ ఈ కథ నోటికొచ్చు. ప్రతి వేసవిలో తమ్ముడి ఇంట్లో అందరూ కలుస్తారు. భోజనాలయ్యాక తమ్ముడు లేచి నిలబడి ఈ కథ చెబుతాడు, అందరూ గ్లాసులెత్తుతారు. అతను ఆ దృశ్యాన్ని ఒక చిత్రకారుడితో బొమ్మ కూడా గీయించి హాల్లో పెట్టుకున్నాడు. ముత్తాత ఫోటో ఒక్కటీ లేదు కనక తన ఫోటో ఇచ్చాడట.

"మా తమ్ముడు లాంతరు పట్టుకుని ముగ్గురు పిల్లల్ని మోసుకొస్తుంటాడు. వాడికి మోకాళ్ళ నొప్పులు" అంది.

"మీ అనుమానం ఏమిటి?"

"మంచు" అంది.

నాది కొత్తగూడెం అనీ, మా నాన్న బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడనీ అప్పుడు చెప్పాను. ఆవిడ చెవి వెనక పెన్సిల్ చేతిలోకొచ్చింది.

"షిఫ్ట్‌కి లోపలికి దిగినవాడు తిరిగి పైకొచ్చాడో లేదో ఎలా తెలిసేది?"

"లాంప్ రూమ్‌లో. ఎవరి లైటు తిరిగి రాలేదో చూస్తారు."

"రేపు పదింటికి రా. నీ కంప్యూటర్ తెచ్చుకో" అంది.

అలా ఉద్యోగం పోయిన కొద్ది రోజులకే నాకు మళ్ళీ పని దొరికింది. జీతం లేదు కాబట్టి వీసా అభ్యంతరం కూడా లేదని ఆవిడే తేల్చింది. రోజూ వాళ్ళ వంటగది బల్ల దగ్గర కూర్చుని పాత జనాభా లెక్కలు, చర్చి పుస్తకాల నకళ్ళు, ఓడల్లో వచ్చినవాళ్ళ పేర్లు వెతికేవాళ్ళం. ఇంటర్నెట్‌లో జనం పెట్టుకునే వంశవృక్షాలని ఆవిడ ముట్టనిచ్చేది కాదు. ఎవరో ఒకరి బావమరిది టీవీ చూస్తూ టైపు కొట్టి ఉంటాడని ఆవిడ అభిప్రాయం. ముత్తాత ఇంటిపేరు ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా ఉండేది. అది నాకు వింతనిపించలేదు. నా పాస్‌పోర్ట్‌లో ఒక పేరు, లైసెన్స్‌లో ఇంకో పేరు, డాక్టరు దగ్గర మా ఇంటిపేరుతో ఒక కొత్త మనిషి ఉన్నారు.

గని ప్రమాదం నిజమే. ఆ ఏటి ప్రభుత్వ నివేదికలో నీళ్ళు రావడం ఉంది. చనిపోయినవాళ్ళ పేర్లున్నాయి. అందులో నలుగురు కుర్రాళ్ళు ఉన్నారు. ముత్తాత లేడు.

ఆవిడ చాలాసేపు ఆ పేజీ చూసింది.

"మన కథలో బతికినవాళ్ళు ఇందులో పోయారు. మన కథలో పోయినవాడు ఇందులో లేడు" అంది.

చర్చిలో ఆయన్ని పాతిపెట్టినట్టు ఎక్కడా లేదు. తర్వాతి జనాభా లెక్కల్లో ముత్తవ్వ విధవ అనే ఉంది, ఇతరుల బట్టలుతికి పిల్లల్ని పెంచుతోంది. అదే ఏడు, పక్క కౌంటీలో ప్రభుత్వం నడిపే పిచ్చాసుపత్రిలో అదే పేరు, అదే వయసు మనిషి ఒకడున్నాడు. పుట్టింది ఐర్లండ్. పని బొగ్గుగని. పెళ్ళయింది. పదేళ్ళ తర్వాత లెక్కల్లోనూ ఉన్నాడు. ఆ తర్వాతా ఉన్నాడు.

నేను కుర్చీలోంచి లేచాను. ఆవిడ లేవలేదు.

"కూర్చో. ఆ కౌంటీలో ఈ పేరుతో పిలిస్తే వీధి మొత్తం తలుపులు తీస్తుంది. పేరు కలిసినంత మాత్రాన మనిషి కలవడు."

అయినా తమ్ముడికి ఫోన్ చేసింది. ఆవిడ ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడేది. సాక్షి ఉండాలట. అందువల్ల నేనూ విన్నాను.

"ముత్తాత గనిలో పోలేదనుకుంటున్నాను" అంది.

"ఆయన చనిపోయాడు" అన్నాడు తమ్ముడు.

"ఒప్పుకుంటాను. ఎప్పుడన్నదే ప్రశ్న."

సంగతంతా చెప్పింది. అతను విన్నాడు.

"నువ్వు ఆయన్ని చంపుతున్నావు."

"లేదు. ఇంకా చాలా ఏళ్ళు బతికిస్తున్నాను."

"ముత్తాతని పిచ్చాసుపత్రిలో పెట్టే మనిషిని నా ఇంటికి భోజనానికి పిలవను."

"నేను పెట్టలేదు. ఎవరు పెట్టారో కనుక్కుంటున్నాను."

ఫోన్ పెట్టేశాడు. ఆ వేసవి ఆవిడకి పిలుపు రాలేదు.

ప్రతి ఏడూ ఆ రోజుకి ఆవిడ పొటాటో సలాడ్ చేసి, ఐస్ పెట్టెలో పెట్టుకుని ఒహాయో తీసుకెళ్ళేదట. ఆ ఏడూ చేసింది. చేసి, రెండు చేతులతో మోసుకుంటూ మా ఇంటికొచ్చింది. మేం ముగ్గురం. అది ఒక పెళ్ళివారికి సరిపోతుంది.

"తక్కువ చేయడం రాదు నాకు" అంది.

ఆ వారమంతా వాళ్ళింటి ముందు గడ్డి కోయలేదు. పేపర్లు తెరవలేదు. మధ్యాహ్నం వెళితే గరాజ్‌లో కుర్చీ వేసుకుని ఖాళీ రోడ్డు చూస్తూ కూర్చుని ఉండేది. మా ఆయన మూడో రోజు కూడా సలాడ్ తింటూ, "పాపం, ఉన్న ఒక్క తమ్ముడు. వదిలేయమని చెప్పరాదా. పోయినాయన ఎట్లాగూ పోయిండు గదా, అప్పుడైతేనేం ఇప్పుడైతేనేం" అన్నాడు. గుంటూరు మనిషే, నాతో ఉండి మాట కొంత మారింది.

ఆ మాటే ఆవిడకి చెప్పాను.

"వదిలేయొచ్చు" అంది. "కానీ ఆయన ఎక్కడున్నాడు?" అంది.

వాళ్ళమ్మకి చిన్నాన్న కూతురొకావిడ పెన్సిల్వేనియాలో వృద్ధాశ్రమంలో ఉంది. ముత్తవ్వ చంకలోని చంటివాడే ఆవిడ తండ్రి. ఆవిడకి తొంభై దాటాయి. వాళ్ళ భాషలో ఇలాంటి చుట్టరికాలన్నిటికీ కజిన్ అనే ఒక్క మాటే ఉంది. మన వరసలో పిన్ని. నేను మనసులో పిన్ని అనే అనుకున్నాను. పిన్నిని అప్పటిదాకా ఎవరూ ఏమీ అడగలేదు. మతి తప్పింది, నర్సుని చూసి గవర్నరుగారంటుందని తమ్ముడు చెప్పేవాడట.

"నాకు కంటి ఆపరేషనైంది. డాక్టరు డ్రైవ్ చేయొద్దన్నాడు. నీకు ఉద్యోగం లేదు" అంది ఆవిడ. అది అడగడమని అర్థం చేసుకోవడానికి నాకు కొంచెం టైమ్ పట్టింది.

మా వ్యాన్‌లో తెల్లవారుతూనే బయల్దేరాం. పులిహోర కట్టుకున్నాను. వర్జీనియా దాటేదాకా దానిలో ఏమేం వేస్తారో ఒక్కోటీ అడిగింది. ఇంగువ అంటే ఏమిటని అడిగితే నేను సరిగ్గా చెప్పలేకపోయాను. అనుమానంగా చూసి, మొత్తం తినేసింది.

పిన్ని చిన్న మనిషి. ఎర్రగా లిప్‌స్టిక్ వేసుకుని, మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, "కొత్త నర్సా? మంచం తల పైకి లేపు" అంది. లేపాను. ఆవిడ కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చుంది. గని గురించి అడగలేదు, తాత గురించీ అడగలేదు.

"చిన్నప్పుడు ఆదివారాలు ఏం చేసేవాళ్ళు?" అంది. కళ్ళజోడు తీసి దుప్పటి మీద పెట్టింది.

"చర్చికి" అంది పిన్ని.

ఆవిడ ఏమీ అనలేదు.

"చర్చి నుంచొచ్చి నాయనమ్మతో, వీధిలో పట్టాల మీద నడిచే ట్రాలీ బండెక్కేదాన్ని. నన్నొక్కదాన్నే తీసుకెళ్ళేది. కిటికీ పక్కన కూర్చోనిచ్చేది."

"ఎక్కడికి?"

"పెద్ద ఇల్లు. ఇటుకది. ముందు పచ్చిక ఉండేది. లోపలికెళితే సబ్బు వాసన. ఒక ముసలాయన ఉండేవాడు. నాయనమ్మ ఆయనకి ఉడకబెట్టిన గుడ్లు తీసుకెళ్ళేది. ఆయన చేతులు వణికేవి. తనే పెంకు తీసి పెట్టేది."

"ఎవరాయన?"

"తాత స్నేహితుడంది. గనిలో కలిసి పనిచేశారట. ఇంట్లో చెప్పకు, నాన్న ట్రాలీ ఖర్చని కోప్పడతాడు అంది. నేను చెప్పలేదు."

"ఆయన పేరు?"

"స్టోర్" అంది పిన్ని.

ఆవిడ పెన్సిల్ ఆగింది. "స్టోర్?"

"నాయనమ్మ అలాగే పిలిచేది. 'అ స్టోర్' అనేది. తిను, అ స్టోర్. కూర్చో, అ స్టోర్. ఎప్పుడో కొట్టు పెట్టుకుని ఉంటాడనుకున్నాను."

"ఆయన ఏమైనా మాట్లాడేవాడా?"

"ఒకటే. మేం వెళ్ళగానే అడిగేవాడు, 'పిల్లలు పైకొచ్చారా?' అని. నాయనమ్మ 'అందరూ వచ్చేశారు' అనేది. అప్పుడు గుడ్డు తినేవాడు."

"ప్రతిసారీనా?"

"ప్రతి ఆదివారం. నేను మేడమీదకనుకునేదాన్ని. ఆ ఇంటికి మేడ ఉండేది. పైన పిల్లలెవరూ ఉండేవాళ్ళు కాదు. అబద్ధమెందుకు చెబుతావని ఒకసారి నాయనమ్మని అడిగాను."

"ఏమంది?"

"గుడ్డు తినాలి కదా అంది."

ఈసారి ఆవిడ ఊరుకున్నది ఉద్యోగరీత్యా కాదనుకుంటాను. నాకు మా ఊళ్ళో వేళకాని వేళ సైరన్ మోగిన ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. మా అమ్మ పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి వీధిలోకి పరిగెత్తింది. ఆరోజు మా నాన్న పైకొచ్చాడు. వచ్చినందుకు ఆయన సంతోషపడ్డట్టు మాత్రం నాకు గుర్తులేదు. చాలా రోజులు గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఆవిడ ఇంకొకటి అడిగింది. "ఆ ఆదివారాల్లో వాతావరణం ఎలా ఉండేది?"

పిన్నికి విసుగొచ్చింది. "నాకేం తెలుసు? ఆదివారం. అంతే."

ఆవిడ దుప్పటి మీంచి కళ్ళజోడు తీసుకుని పెట్టుకుని, లేచి, వంగి పిన్ని నుదుటి మీద ముద్దు పెట్టింది. ఆవిడ ఎవరినైనా ముట్టుకోగా నేను చూడటం అదే మొదలు. వెళ్ళేముందు మంచం తల దించమని పిన్ని నాకు చెప్పింది. దించాను.

తిరుగుదారిలో కాఫీ కోసం ఆగినచోట, "నీ ఫోన్‌లో ఆ మాట వెతుకు. ఐరిష్‌లో" అంది. నోటితో ఎలా వస్తుందో అలా కొట్టాను. దొరికింది. నా నిధి, నా బంగారం అని అర్థం. మొగుడూ పెళ్ళాలూ అనుకుంటారు, తల్లులు పిల్లల్ని అంటారు.

"స్నేహితుణ్ణి?" అంది.

"అలా ఏమీ రాయలేదండీ."

ఆవిడ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచింది. తుడిచినదాన్ని మళ్ళీ తుడిచింది.

"ముప్పై ఏళ్ళలో నేను చూసిన అబద్ధాలన్నీ డబ్బు కోసమో, భయానికో. ఇదొక్కటీ ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు" అంది. తర్వాత, "నేనైతే ఈ క్లెయిమ్ ఒప్పుకునేదాన్ని" అంది. తర్వాత, "పులిహోర మిగిలిందా?" అంది. లేదు. పొద్దునే మొత్తం ఆవిడే తిన్నది.

మర్నాడు మా వంటగదిలోంచి తమ్ముడికి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది. పిన్ని చెప్పింది చెప్పినట్టు, తన మాట ఒక్కటీ కలపకుండా చెప్పింది. అటునుంచి ఏమీ లేదు. అతను అలాగే ఊరుకున్నాడు. చివరికి ఆవిడే భరించలేకపోయింది.

"ఉన్నావా?"

"ఉన్నాను."

అటు కుర్చీ జరిగిన చప్పుడైంది.

"గుడ్లా?" అన్నాడు తమ్ముడు.

"గుడ్లు."

"సరే" అని పెట్టేశాడు.

తర్వాతి వేసవికి పిలుపొచ్చింది. సలాడ్ తెమ్మని ప్రత్యేకంగా చెప్పాడట. వెళ్ళి వచ్చాక నేను ఆత్రంగా వాళ్ళింటికి వెళ్ళాను. ఏం జరిగిందని అడిగాను. తమ్ముడు ఎప్పటిలాగే లేచి నిలబడి పాత కథే చెప్పాడంది. ముగ్గుర్ని తెచ్చాడు, నాలుగోవాడి కోసం దిగాడు, తిరిగి రాలేదు. అందరూ గ్లాసులెత్తారు.

"మీరేం చేశారు?"

"ఎత్తాను."

"ఊరుకున్నారా?"

"అది మా తమ్ముడి కథ కాదు. ముత్తవ్వ చెప్పిన కథ. పిల్లలకి ఒక తండ్రి కావాలి, ఆయనకి ఆదివారం గుడ్డు కావాలి. రెండూ నలభై ఏళ్ళు నడిపింది. ఇప్పుడు భోజనాల మధ్యలో నేను లేచి అది తప్పనాలా?"

భోజనాలయ్యాక తమ్ముడు ఆవిడని గరాజ్ వెనక్కి తీసుకెళ్ళి, ముత్తాతని ఎక్కడ పాతిపెట్టారో కనుక్కోగలవా అని అడిగాడట. ఆసుపత్రి ఎప్పుడో మూతబడింది. దాని వెనక గడ్డిలో సమాధి రాళ్ళు మాత్రం ఉన్నాయి, రాళ్ళమీద పేర్లుండవు, నంబర్లుంటాయి. ఏ నంబరు ఎవరిదో చెప్పాల్సిన ఆఫీసు మొదట్లో కుదరదంది. ఆవిడ వాళ్ళకి ఫోన్ చేయడం మొదలుపెట్టింది. ఆ శీతాకాలమంతా చేసింది. కొన్ని కాల్స్ నేను పక్కన కూర్చుని విన్నాను. ప్రశ్న అడిగేది, తర్వాత ఊరుకునేది. అవతలివాళ్ళు కాసేపటికి తమ ఆఫీసులో ఎవరికి ఎవరంటే పడదో కూడా చెప్పేసేవాళ్ళు. చివరికి నంబరు కూడా చెప్పారు.

అక్కాతమ్ముళ్ళిద్దరూ వెళ్ళి అక్కడ ఒక రాయి పెట్టించారు. ఆయన పేరు, పుట్టిన ఊరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు. ఉన్నది ఉన్నట్టు.

"మరి మీవాళ్ళెవరైనా వెళ్ళి చూస్తే తెలిసిపోదా?" అన్నాను.

"చూసినవాళ్ళు లెక్క వేసుకుంటారు. వేసుకున్నవాళ్ళకి చెబుతాం."

ఎవరూ వెళ్ళలేదని తర్వాత తెలిసింది.

ఆవిడకి జబ్బని ఆ మరుసటి ఏడు బయటపడింది. కడుపులో. ఈసారి నేనే అడిగాను, మొదట ఎప్పుడు గమనించారని. "పెన్సిల్వేనియాకి ముందే" అంది. ఆసుపత్రిలో డాక్టరు, నొప్పి ఒకటి నుంచి పది దాకా ఎంతుందో చెప్పమంటే, "అందరూ ఎంతంటారు?" అని అడిగింది. ఆరేడు అంటారని చెప్పాడు. "అందరూ ఎక్కువ చెబుతారు. నాది నాలుగు రాసుకో" అంది. ఆ రాత్రి నుంచి మార్ఫిన్ ఇచ్చారు. తమ్ముడు మోకాళ్ళ నొప్పులతో ఒహాయో నుంచి వచ్చి, చివరి వారమంతా మంచం పక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ టీవీలో బేస్‌బాల్ చూసేవాళ్ళు. ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి టీవీ నడుస్తోంది, ఆవిడ లేదు. అతను ఇంకా చెయ్యి వదల్లేదు. స్కోరెంతో నాకు చెప్పాడు.

ఇక్కడే క్యారీలో సంస్మరణ సభ పెట్టారు. ఎక్కువమంది రాలేదు. వీధిలోవాళ్ళు, ఆవిడ పాత ఆఫీసువాళ్ళు ఇద్దరు, ఒహాయో నుంచి తమ్ముడి పిల్లలూ మనవలూ. తమ్ముడు లేచి నిలబడ్డాడు. మాట్లాడటం అతనికి అలవాటే.

"మా అక్కకి అప్పటికే చూపు పోతోంది" అన్నాడు. "కంటికి కట్టు కూడా విప్పలేదు. డాక్టరు ఇల్లు కదలొద్దన్నాడు. మా కుటుంబంలో ఒక పెద్దావిడ ఎక్కడో ఒంటరిగా ఉందని తెలిసి, ఎవరికీ చెప్పకుండా, తెల్లవారకముందే, ఒక్కతే కారేసుకుని బయల్దేరింది. కొండదారులన్నీ ఒంటికన్నుతో దాటి, పెన్సిల్వేనియా చేరి, ఆవిడ మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని, అదేరోజు తిరిగొచ్చింది."

ఎవరో ముక్కు చీదారు. మా ఆయన నా చెవి దగ్గరకి వంగాడు.

"డ్రైవ్ చేసింది నువ్వు గదా. వ్యాన్ మనది."

"ఊరుకోండి" అన్నాను.

అయిపోయాక కాఫీల దగ్గర తమ్ముడి మనవరాలు, కాలేజీ అమ్మాయి, నా పక్కకొచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆవిడ నాకెలా తెలుసని అడిగింది. వాళ్ళకి రెండిళ్ళ అవతల ఉంటామని చెప్పాను.

"అయితే మీకు తెలిసే ఉంటుంది. ఆ కంటితో, నిజంగా అంతదూరం వెళ్ళిందా?"

ఆ అమ్మాయి భుజం వెనక, కాఫీ బల్ల దగ్గర, తమ్ముడు మావైపే చూస్తున్నాడు. కప్పు సగం దాకా ఎత్తి ఆగిపోయాడు.

"వెళ్ళింది" అన్నాను. "కారెక్కుతుంటే నేను చూశాను."